డిపెష్ మోడ్ ఆల్బమ్‌లలో ముందు ఏది వినాలి? ఆరింటి పోలిక

డిపెష్ మోడ్ పాట ఒకటి ఎక్కడో చెవిన పడుతుంది. బాగుందే అనిపిస్తుంది. ఆల్బమ్ మొత్తం విందామని యాప్ తెరిస్తే అక్కడ 1981 నుంచి 2023 దాకా పదిహేను స్టూడియో ఆల్బమ్‌లు వరసగా కనిపిస్తాయి. వాటికి తోడు లైవ్ రికార్డులు, రీమిక్స్‌లు, డీలక్స్ ఎడిషన్లు, హిట్స్ సంకలనాలు. ఎవరిని అడిగినా 'వయొలేటర్' అనే చెబుతారు. ఆ జవాబులో తప్పేమీ లేదు, నేనూ చాలామందికి అదే చెబుతాను. కానీ మీరు పాటలో దేనికోసం వెతుకుతారో తెలియకుండా ఆ పేరు చెప్పేస్తే, కొందరికి ఈ బ్యాండ్ దగ్గరయ్యే బదులు దూరమవుతుంది.

ఎందుకంటే పేరు ఒక్కటే అయినా లోపల పనిచేసిన చేతులు మారుతూ వచ్చాయి. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ ప్రాంతపు బాసిల్డన్ అనే ఊళ్లో 1980లో ఈ బ్యాండ్ పుట్టింది. పాడేది డేవ్ గాన్. మొదట్లో పాటలు రాసింది విన్స్ క్లార్క్. ఒక్క ఆల్బమ్ అయ్యాక అతను వెళ్లిపోతే, రాసే పని మార్టిన్ గోర్ మీద పడింది. 1982లో ఆలన్ వైల్డర్ వచ్చి చేరాడు. పాట గోర్‌ది, గొంతు గాన్‌ది, ఆ పాట చెవికి ఎలా వినిపించాలన్న కసరత్తులో పెద్ద వాటా వైల్డర్‌ది. 1995లో అతను తప్పుకున్నాక ఆ పని నిర్మాత (ఇక్కడ డబ్బు పెట్టేవాడు కాదు, రికార్డింగ్ నడిపించి సౌండ్ తీర్చిదిద్దేవాడు) మారినప్పుడల్లా కొత్త చేతికి వెళ్లింది. మొదటినుంచీ ఉన్న ఆండీ ఫ్లెచర్ 2022లో చనిపోయాడు. కాబట్టి క్లార్క్ కాలం, వైల్డర్ కాలం, ఆ తర్వాతి కాలం అని మూడుగా చూస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

## ఏ కొలతలతో చూడాలి

మొదటిది ట్యూన్. ఒక్కసారి వినగానే నోట్లో ఆడుతుందా, లేక నాలుగైదు సార్లు వింటేగానీ పట్టదా? రోజూ ఆఫీసుకు వెళ్తూ వినేవాళ్లకు ఇది చాలా ముఖ్యం.

రెండోది సౌండ్. ఈ బ్యాండ్ విషయంలో అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మన దగ్గర రాజ్-కోటి పాటలు, ఆ తర్వాత రెహమాన్ పాటలు వింటూ పెరిగినవాళ్లకు సింథ్ (శబ్దాల్ని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే సింథసైజర్) కొత్తేమీ కాదు. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించినవాడే. అయితే మన సినిమా పాటలో వాద్యాలు చాలావరకు ఇంటర్‌ల్యూడ్‌లో ముందుకొచ్చి, చరణం మొదలవగానే గొంతుకు దారిచ్చి తప్పుకుంటాయి. డిపెష్ మోడ్ పాటలో మెషిన్ తప్పుకోదు. అదే సీక్వెన్స్ తిరుగుతూనే ఉంటుంది, దాని మీద ఒక్కో పొర వచ్చి చేరుతుంది, ఒక్కోటి జారిపోతుంది. ఆ పొరల్ని పట్టుకోవడంలోనే మజా ఉంది. ఫోన్ స్పీకర్‌లో అది వినిపించదు, హెడ్‌ఫోన్స్ కావాలి.

మూడోది గొంతు. గాన్‌ది బరువైన కింది స్థాయి గొంతు. గోర్‌ది పలచగా, మెత్తగా, పైస్థాయిలో సాగే గొంతు. దాదాపు ప్రతి ఆల్బమ్‌లో గోర్ కూడా ఒకటి రెండు పాటలు పాడతాడు. ఆ రెండు గొంతుల మధ్య తేడా నచ్చడం, నచ్చకపోవడం మీ ఎంపికను మార్చేస్తుంది.

నాలుగోది మాటలు. గోర్ రాసేవి చిన్న చిన్న వాక్యాలు, డిక్షనరీ అక్కర్లేదు. విషయాలు మాత్రం తేలికైనవి కావు: కోరిక, అపరాధభావం, దేవుడి మీద నమ్మకం, అనుబంధంలో ఎవరి మాట చెల్లుతుందన్న పోరు. పెద్దవాళ్లకు రాసిన పాటలివి. పిల్లలు మాటలు అర్థం చేసుకునే ఇంట్లో అన్నీ స్పీకర్‌లో పెట్టుకునేవి కావు.

ఐదోది, ఆల్బమ్ ఒక ముక్కగా నిలబడుతుందా లేదా అన్నది. రెండు హిట్లు, మిగతాది నింపుడు అయితే సంకలనం వింటే సరిపోతుంది, ఆల్బమ్ అక్కర్లేదు.

| ఆల్బమ్ | ఏడాది | నిర్మాణం | ట్యూన్ పట్టే వేగం | సౌండ్‌లో లోతు | మూడ్ |
|---|---|---|---|---|---|
| స్పీక్ అండ్ స్పెల్ | 1981 | బ్యాండ్, డేనియల్ మిల్లర్ | వెంటనే | తక్కువ | హుషారు |
| బ్లాక్ సెలబ్రేషన్ | 1986 | బ్యాండ్, మిల్లర్, గారెత్ జోన్స్ | నెమ్మది | చాలా ఎక్కువ | చీకటి |
| మ్యూజిక్ ఫర్ ద మాసెస్ | 1987 | బ్యాండ్, డేవిడ్ బాస్కోంబ్ | మధ్యస్థం | ఎక్కువ | భారీతనం |
| వయొలేటర్ | 1990 | బ్యాండ్, ఫ్లడ్ | వెంటనే | చాలా ఎక్కువ | నిబ్బరం, మత్తు |
| సాంగ్స్ ఆఫ్ ఫెయిత్ అండ్ డివోషన్ | 1993 | బ్యాండ్, ఫ్లడ్ | మధ్యస్థం | ఎక్కువ, కానీ రాక్ వైపు | ఉద్వేగం |
| మెమెంటో మోరి | 2023 | జేమ్స్ ఫోర్డ్ | మధ్యస్థం | ఎక్కువ | దిగులు, నెమ్మది |

నిర్మాణం, ఏడాది తప్ప పట్టికలో మిగతావన్నీ నా చెవి చెప్పిన మాటలే.

## స్పీక్ అండ్ స్పెల్ (1981)

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ పిల్లలకోసం చేసిన మాట్లాడే బొమ్మ పేరే ఈ ఆల్బమ్‌కు పెట్టారు. లండన్‌లో ఒకప్పటి చర్చి భవనంలో నడిచిన బ్లాక్‌వింగ్ స్టూడియోలో రికార్డు చేశారు. మ్యూట్ రికార్డ్స్ యజమాని డేనియల్ మిల్లర్ తన ఏఆర్‌పీ 2600 సింథసైజర్ తెచ్చి పెట్టాడు. చాలా శబ్దాలు, డ్రమ్స్ లాంటివి కూడా, అందులోంచి పుట్టినవే. ఎక్కువగా ఒకసారికి ఒక్క స్వరమే పలికే సింథ్‌లు కాబట్టి సంగీతమంతా సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి గీసినట్టు ఉంటుంది. పదకొండు పాటల్లో తొమ్మిది క్లార్క్ రాసినవే. 'జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్' ఇందులోదే, బ్రిటన్ చార్టులో 8వ స్థానం దాకా వెళ్లింది.

హుషారుగా, తేలిగ్గా, గెంతులేసేలా ఉండాలనుకుంటే ఇది తీసుకోండి. కానీ ఇది విని డిపెష్ మోడ్ అంటే ఏమిటో తెలిసిందనుకుంటే పొరపాటే. పందొమ్మిదేళ్ల గాన్ గొంతు ఇంకా తయారవుతూ ఉంది. ఈ ఆల్బమ్ మీకు బాగా నచ్చితే 1982 నాటి 'ఎ బ్రోకెన్ ఫ్రేమ్' వైపు కాకుండా క్లార్క్ వెనకే వెళ్లండి: అతను ఆలిసన్ మొయెట్‌తో పెట్టిన యాజూ, తర్వాత ఆండీ బెల్‌తో పెట్టిన ఇరేజర్ మీకు ఎక్కువ సంతోషం ఇస్తాయి.

## బ్లాక్ సెలబ్రేషన్ (1986)

ఈ ఆల్బమ్ గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే మొదటిసారి వినేవాళ్లకు దీన్ని ఎవరూ సిఫారసు చేయరు. కొందరికి మాత్రం ఇదే సరైన ద్వారం.

అప్పటికి బ్యాండ్ శాంప్లింగ్‌లో నిండా మునిగి ఉంది. బయట దొరికిన ఏ చప్పుడునైనా రికార్డు చేసి, కీబోర్డు మీదికెక్కించి, స్వరంగా వాయించడం. 1983 నాటి 'కన్‌స్ట్రక్షన్ టైమ్ అగైన్' కోసం లండన్‌లో కట్టడాలు జరిగే చోట్లకు వెళ్లి ఇనుము మీద, రేకుల మీద కొట్టి ఆ మోతలు పట్టుకొచ్చారు. ఆ ఆల్బమ్ మిక్సింగ్ బెర్లిన్ గోడ పక్కనే ఉన్న హన్సా స్టూడియోలో జరిగింది. 1984 నాటి 'సమ్ గ్రేట్ రివార్డ్' కూడా అక్కడే పూర్తయింది. 'పీపుల్ ఆర్ పీపుల్' ఆ ఆల్బమ్‌దే. వాటిల్లో ఆ మోతలు ఇదిగో వినండి అన్నట్టు ముందుకొచ్చి నిలబడతాయి. 'బ్లాక్ సెలబ్రేషన్'లో అవి పాటలో కలిసిపోయాయి.

'స్ట్రిప్డ్' అనే పాట ఒక్కటి హెడ్‌ఫోన్స్‌లో వినండి. మొదట్లో కారు ఇంజిన్ స్టార్ట్ అయిన చప్పుడు, అది గాన్ సొంత పోర్షా కారు. దాని వెనకాల గుడగుడమంటూ నడిచే లయ నిలబెట్టి ఉంచిన మోటర్‌సైకిల్ ఇంజిన్‌ది. శాంపిల్ చేసి, స్థాయి బాగా దించి వాయించారు. పాట చివర్లో బాణసంచా పేలుళ్లున్నాయి, అవీ మైకులు పెట్టి పట్టుకున్నవే. ఈ సంగతులు తెలియకపోయినా పాట బాగుంటుంది. తెలిశాక వింటే, ఆ ఇంజిన్ ఎక్కడ యంత్రంగా ఆగి ఎక్కడ సంగీతంగా మొదలవుతుందో తేల్చుకోలేరు.

ఇందులో గోర్ నాలుగు పాటలు పాడాడు. అంత ఎక్కువగా పాడడం వల్ల ఆల్బమ్‌కు ఒక లోపలి గది లాంటి ఏకాంతం వచ్చింది. చావు, విసుగు, వారమంతా పనిచేసి అలిసిన మనిషికి రాత్రి దొరికే చిన్న ఓదార్పు, ఇవీ విషయాలు. చివరి పాట 'న్యూ డ్రెస్'లో దేశంలో, ప్రపంచంలో జరిగే ఘోరాలన్నీ చెప్పి, పేపర్ల హెడ్డింగ్‌లో మాత్రం రాకుమారి డయానా కొత్త గౌను వార్త ఉందని ఎత్తిపొడుస్తాడు.

ఎవరికి నప్పదు? పల్లవి రాగానే కాలు ఆడాలనుకునేవాళ్లకు. దీంట్లో పాటలు ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ పోతాయి, ఏది ఎక్కడ ముగిసిందో మొదటిసారి గుర్తుండదు. ఎవరికి నప్పుతుంది? సాహిత్యం చూసి పాట వినేవాళ్లకు, రాత్రి లైటు తీసేసి వినే అలవాటున్నవాళ్లకు. అలాంటివాళ్లు 'వయొలేటర్' కంటే ముందు ఇది వింటేనే మంచిదని నా గట్టి నమ్మకం. ఇక్కడ తడుముకుంటూ వెతికినదే అక్కడ చేతికి దొరికిందని వాళ్లకు తెలుస్తుంది. అటునుంచి ఇటు వస్తే మాత్రం ఇది అసంపూర్తిగా అనిపించే ప్రమాదం ఉంది.

## మ్యూజిక్ ఫర్ ద మాసెస్ (1987)

జనం కోసం సంగీతం అన్న ఈ పేరు వెటకారంగానే పెట్టారు, ఇది పెద్దగా జనంలోకి వెళ్లే సరుకని వాళ్లనుకోలేదు. తీరా చూస్తే దీని టూర్‌తోనే అమెరికాలో స్టేడియాలు నిండాయి. 1988 జూన్ 18న కాలిఫోర్నియాలో పాసడీనా రోజ్ బౌల్‌లో టూర్ చివరి, 101వ కచేరీకి అరవై వేల మంది దాకా వచ్చారు. '101' పేరుతో వచ్చిన లైవ్ ఆల్బమ్ అదే.

మొదటి పాట 'నెవర్ లెట్ మీ డౌన్ అగైన్'తోనే ఆల్బమ్ తలుపు తెరుచుకుంటుంది: గిటార్ గీత, దాని మీద గోడలా లేచే సింథ్ తీగలు. కచేరీల్లో ఈ పాట చివర గాన్ రెండు చేతులూ పైకెత్తి ఊపడం, మైదానమంతా అలాగే ఊపడం రోజ్ బౌల్ నుంచి ఇప్పటికీ సాగుతున్న ఆచారం. 'స్ట్రేంజ్‌లవ్', 'బిహైండ్ ద వీల్' కూడా మంచి ఊపున్న పాటలు.

రెండో సగంలో వింత పాటలున్నాయి. 'ఐ వాంట్ యూ నౌ'లో అకార్డియన్‌ను ఏ మీటా నొక్కకుండా ఊరికే తెరిచి మూశారు. ఆ గాలి చప్పుడు ఊపిరిలా పాటంతా నడుస్తుంది. నాకిది చాలా ఇష్టం. కానీ మొదటి సగంలో వచ్చిన ఊపు ఇక్కడ కాస్త దిగుతుంది. కచేరీ జోరు ఇష్టపడేవాళ్లు దీన్ని ఎంచుకోవచ్చు. సందేహంగా ఉంటే '101' లైవ్‌తో మొదలుపెట్టి ఇటు రావడం ఇంకా మంచి దారి. ఈ ఆల్బమ్ పాటలు చాలావరకు అందులో ఉన్నాయి, జనం గొంతులతో కలిపి.

## వయొలేటర్ (1990)

తొమ్మిది పాటలు, 47 నిమిషాలు. అనవసరంగా సాగదీసిన పాట ఒక్కటీ లేదు.

అప్పటిదాకా స్టూడియోకు వెళ్లే ముందే పాటల ప్రోగ్రామింగ్ అంతా తేల్చుకుని వెళ్లడం వీళ్ల పద్ధతి. ఈసారి గోర్ తన డెమోలను (పాటల ముడి రికార్డింగులను) బొటాబొటిగా ఉంచి తెచ్చాడు, మిగతాది స్టూడియోలోనే పుట్టాలని. మిలాన్‌లో మొదలుపెట్టి డెన్మార్క్‌లో కొనసాగించారు. నిర్మాణంలో కొత్తగా ఫ్లడ్ చేరాడు. ఒక్క 'ఎంజాయ్ ద సైలెన్స్' తప్ప మిగతా మిక్సింగ్ ఫ్రాంస్వా కెవోర్కియన్‌ది. న్యూయార్క్ డాన్స్ క్లబ్బుల్లో ఆరితేరినవాడు, జర్మనీ ఎలక్ట్రానిక్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్‌తోనూ పనిచేసినవాడు. ఏ శబ్దం చుట్టూ ఎంత ఖాళీ ఉంచాలో అతనికి బాగా తెలుసు. 'వరల్డ్ ఇన్ మై ఐస్' మొదట్లో ఆ బేస్ వినండి: చుట్టూ ఏమీ లేదు, అయినా గది నిండిపోతుంది.

'ఎంజాయ్ ద సైలెన్స్' కథ ఈ ఆల్బమ్ ఎలా తయారైందో మొత్తం చెప్పేస్తుంది. గోర్ తెచ్చిన డెమోలో అది హార్మోనియం మీద పాడిన నెమ్మదైన పాట. దీనికి వేగం పెంచి బీట్ పెడదామని వైల్డర్ అన్నాడు. మౌనాన్ని కోరుకునే పాటకు బీట్ ఏంటని గోర్‌కు మొదట మనసొప్పలేదు. మిగతావాళ్లను పక్కకు పంపేసి వైల్డర్, ఫ్లడ్ కలిసి ట్రాక్ కట్టారు. తర్వాత గోర్ వచ్చి గిటార్ మీద ఒక చిన్న వరస వాయించాడు. ఇవాళ ఆ పాట అనగానే మనకు గుర్తొచ్చేది ఆ గిటార్ వరసే. బ్రిటన్‌లో 6, అమెరికాలో 8వ స్థానం. అమెరికా టాప్ టెన్‌లోకి వెళ్లిన వాళ్ల పాట ఇదొక్కటే.

'పర్సనల్ జీసస్' ఆల్బమ్‌కు చాలా ముందే, 1989 ఆగస్టులో సింగిల్‌గా వచ్చింది. గిటార్ బ్లూస్ లాంటి వరస మీద నడుస్తుంది. అందులో ధన్ ధన్‌మని పడే దెబ్బలు సామాను పెట్టెల మీద మనుషులు ఎక్కి గెంతితే వచ్చినవి. ఎల్విస్‌తో గడిపిన జీవితం గురించి ప్రిసిలా ప్రెస్లీ రాసిన పుస్తకం చదివాక గోర్‌కు ఈ పాట ఆలోచన వచ్చింది: ఒక మనిషి ఇంకో మనిషికి దేవుడైపోవడం. ఈ సంగతి తెలిస్తే, మతం మీద పాట అనుకుని ముఖం తిప్పుకునేవాళ్లు కూడా ఇంకోసారి వింటారు.

లోపం వెతకాలంటే 'బ్లూ డ్రెస్' నాకు మిగతా ఎనిమిదింటి పక్కన తేలిపోయినట్టుంటుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. ఇంత నునుపుగా చెక్కినదాన్ని ముందే వింటే, ఆ తర్వాత వెనక్కి వెళ్లి విన్న ప్రతిదీ గరుకుగా ఉంటుంది. బ్యాండ్ చరిత్ర మొత్తం వినాలని కూర్చున్నవాళ్లు దీన్ని కాస్త ఆగి వినడం మంచిది. ఒక్క ఆల్బమ్ చాలు, మిగతావి తర్వాత చూద్దాం అనుకునేవాళ్లకు మాత్రం ఇంకో మాట లేదు, ఇదే.

## సాంగ్స్ ఆఫ్ ఫెయిత్ అండ్ డివోషన్ (1993)

'వయొలేటర్' విన్న మరుసటి రోజు దీన్ని పెడితే బ్యాండ్ మారిపోయిందా అనిపిస్తుంది. మొదటి పాట 'ఐ ఫీల్ యూ' చెవి కోసే ఒక కీచుమోతతో మొదలై, మురికిగా మోగే గిటార్‌లోకి దూకుతుంది. గాన్ అప్పటికి అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నాడు. జుట్టు పెంచాడు, ఒళ్లంతా పచ్చబొట్లు, చుట్టూ గ్రంజ్ రాక్ గాలి, డ్రగ్స్. మాడ్రిడ్‌లో ఒక విల్లా అద్దెకు తీసుకుని, అందులోనే స్టూడియో పెట్టి, అందరూ కలిసి ఉండి చేద్దామనుకున్నారు. ఆ కలిసి ఉండడమే కుదరలేదు. టెన్షన్ పెరిగిపోయి, మిగతా పని జర్మనీలో హాంబర్గ్‌కు మార్చారు.

ఆ ఒత్తిడి రికార్డులో వినిపిస్తుంది, మంచికే వినిపిస్తుంది. వైల్డర్ నిజమైన డ్రమ్స్ వాయించాడు. వాటిని మళ్లీ కోసి, లూపులుగా మార్చి వాడుకున్నారు. కాబట్టి పైకి రాక్ బ్యాండ్‌లా ఉన్నా లోపల నడిచేది శాంప్లరే. 'వన్ కెరెస్'లో గోర్ గొంతు, తీగ వాద్యాల బృందం, అంతే. 'కండెమ్నేషన్' చర్చి గానం పద్ధతిలో సాగుతుంది. గాన్ జీవితంలో పాడిన అత్యుత్తమ పాట అదేనని నా అభిప్రాయం. మాడ్రిడ్ విల్లాలో మోత తిరిగే కాంక్రీట్ గోడల మధ్య నిలబడి పాడాడు. ఆ గోడల చల్లదనం గొంతుతో పాటే రికార్డైంది.

ఇది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానంలో దిగింది. రాక్ వినేవాళ్లు, సింథ్ అంటే పలచన అనుకునేవాళ్లు దీంతో మొదలుపెట్టాలి. సింథ్‌పాప్ కోసమే వచ్చినవాళ్లు దీన్ని మూడోదో నాలుగోదో పెట్టుకోవాలి. వరసగా వింటే అలసట వస్తుందని కూడా చెప్పాలి, చాలా పాటలు గొంతు చించుకునే స్థాయిలోనే ఉంటాయి.

దీని తర్వాత వైల్డర్ వెళ్లిపోయాడు. 1996లో గాన్ డ్రగ్స్ మోతాదు మించి, గుండె రెండు నిమిషాల పాటు ఆగి, బతికి బయటపడ్డాడు. అక్కడినుంచి లేచి చేసిన 'అల్ట్రా' (1997) టిమ్ సైమెనన్ నిర్మాణంలో వచ్చింది. ఈ ఆల్బమ్ నచ్చినవాళ్లు వెంటనే వినాల్సింది అదే. అదే బరువు, కానీ అరుపు తగ్గి లోపలికి తిరిగింది.

## మెమెంటో మోరి (2023)

పాత బ్యాండ్‌ల కొత్త ఆల్బమ్‌లను చాలామంది మొక్కుబడిగా ఒకసారి విని వదిలేస్తారు. దీన్ని అలా వదిలేయకండి. చావును గుర్తుంచుకో అని లాటిన్‌లో దీని అర్థం. పాటలు చాలావరకు సిద్ధమయ్యాక, స్టూడియోలో రికార్డింగ్ ఇంకా మొదలుకాకముందు, 2022 మే 26న ఆండీ ఫ్లెచర్ హఠాత్తుగా చనిపోయాడు. అంటే ఈ పాటలు అతని కోసం రాసినవి కావు. అయినా అతను లేని గదిలో ఇద్దరే నిలబడి పాడుతున్నారన్నది ప్రతి పాటలో తెలుస్తుంది.

'గోస్ట్స్ అగైన్' వాళ్ల మంచి సింగిల్స్ సరసన నిలుస్తుంది. దాని రచనలో గోర్‌తో పాటు సైకెడెలిక్ ఫర్స్ అనే బ్యాండ్ గాయకుడు రిచర్డ్ బట్లర్ చేయి ఉంది, ఆల్బమ్‌లో ఇంకో మూడు పాటల్లో కూడా. గాన్ గొంతు అరవై ఏళ్ల వయసులో ఇంకాస్త గరుకెక్కి ఇంకాస్త బాగుంది. పాత సింథ్‌ల రుచి మళ్లీ కనిపిస్తుంది, అయితే శబ్దం నేటిదే.

నడివయసులో ఈ బ్యాండ్ దగ్గరికి మొదటిసారి వస్తున్నవాళ్లు, 80ల నాటి డ్రమ్ మోతలు పాతవాసన వేస్తాయనిపించేవాళ్లు దీంతో నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. పన్నెండు పాటల్లో మధ్యలో రెండు మూడు ఒకే నడకతో కలిసిపోతాయి, అదొక్కటే ఫిర్యాదు.

## ఇక మీ సంగతి

సినిమా పాటల ట్యూన్ మీద పెరిగిన చెవి, సింథ్‌పాప్ కొత్త: 'వయొలేటర్' తీసుకోండి. అది కూడా 'పాలసీ ఆఫ్ ట్రూత్', 'ఎంజాయ్ ద సైలెన్స్' విడిగా నాలుగు రోజులు విని, తర్వాత మొదటినుంచి చివరిదాకా ఒకేసారి.

ఇంట్లో చిన్న సెటప్ పెట్టుకుని లాప్‌టాప్‌లో సంగీతం చేసుకునే కుర్రాళ్లకు, అమ్మాయిలకు నేను చెప్పేది వేరు. ముందు 'స్పీక్ అండ్ స్పెల్', వెంటనే 'బ్లాక్ సెలబ్రేషన్'. మొదటిదాంట్లో ఒక్కో గీతా విడివిడిగా వినిపిస్తుంది కాబట్టి అరేంజ్‌మెంట్ ఎలా కట్టారో విప్పి చూసుకోవచ్చు. రెండోదాంట్లో చుట్టూ ఉన్న చప్పుళ్లను ఎలా వాడుకోవచ్చో తెలుస్తుంది. ఐదేళ్లలో అంత దూరం ఎలా నడిచారన్నది మీకు పాఠంలా పనికొస్తుంది. 'వయొలేటర్'ను ముందే వింటే దాని శుభ్రతకు బెదిరిపోతారు.

రాక్ వినేవాళ్లు 1993 ఆల్బమ్‌తో మొదలై వెనక్కి రండి. మాటల కోసం వినేవాళ్లు 1986తో మొదలై ముందుకు వెళ్లండి. వ్యాయామానికో, ప్రయాణానికో తోడు కావాలంటే 1981 ఆల్బమ్, లేదా 1987లో మొదటి సగం.

ఆల్బమ్ వినే ఓపిక లేదంటే 1998లో వచ్చిన 'ద సింగిల్స్ 86-98' అనే రెండు డిస్కుల సంకలనం మంచిది. 'స్ట్రిప్డ్' నుంచి మొదలవుతుంది కాబట్టి వైల్డర్ కాలపు అసలు పంట అంతా చేతికొస్తుంది. కానీ 'వెయిటింగ్ ఫర్ ద నైట్' లాంటి పాట అందులో ఉండదు. సింగిల్‌గా రాని ఆ పాట కోసమే 'వయొలేటర్'ను మళ్లీ మళ్లీ పెట్టుకునేవాళ్లున్నారు.

ఎడిషన్ల విషయంలో ఒక జాగ్రత్త. డీలక్స్ అని ఉన్నదాంట్లో అసలు ఆల్బమ్ అయిపోగానే రీమిక్స్‌లు మొదలవుతాయి, అవి కూడా ఆల్బమ్‌లో భాగమనుకుని విసుగు తెచ్చుకోకండి. 'వయొలేటర్' అయితే చివరి పాట 'క్లీన్' దగ్గర ఆపేయాలి. 'స్పీక్ అండ్ స్పెల్' అమెరికా ఎడిషన్‌లో ఒక పాట తీసేసి, దాని బదులు మొదటి సింగిల్ 'డ్రీమింగ్ ఆఫ్ మీ' పెట్టారు. కాబట్టి మీరు విన్న పాటల వరస ఇంకొకరు విన్నదానికి తేడాగా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

మొదటి విడతలో పక్కన పెట్టదగ్గవి 'ఎక్సైటర్' (2001), 'సౌండ్స్ ఆఫ్ ద యూనివర్స్' (2009). రెండింట్లోనూ మంచి పాటలున్నాయి, 'డ్రీమ్ ఆన్' కోసమైనా మొదటిదాన్ని ఎప్పుడో ఒకప్పుడు వినాలి. కానీ బ్యాండ్ మీద ఇష్టం ముందే కుదిరిన చెవికే అవి తమ మంచి చూపిస్తాయి. 'ప్లేయింగ్ ద ఏంజెల్' (2005) మాత్రం ఆ జాబితాలో వేయకండి. గాన్ రాసిన పాటలు ఈ బ్యాండ్ ఆల్బమ్‌లోకి మొదటిసారి వచ్చింది అందులోనే. 'ప్రెషస్' ఉన్నది కూడా అందులోనే. పైన చెప్పిన ఆరింటి తర్వాత ఏడోది ఏదంటే నేను దాన్నే ఇస్తాను.